లేదు సర్టిఫికెట్

ఒక వస్తువు ఉందని నిరూపించడం కష్టమేమీ కాదు, తెచ్చి చూపిస్తే సరిపోతుంది. లేదని నిరూపించడమే బ్రహ్మవిద్య. హైదరాబాదు శివార్లలో ఉన్న జీవరహస్య పరిశోధనా సంస్థకు ఆ విద్య మీద ఉన్న పట్టు ఇంకెవరికీ లేదు. అక్కడ ఒకప్పుడు ఎవరో కొత్త నిచ్చెన కొన్నారట. దాన్ని పెట్టడానికి చోటు వెతుకుతుంటే గోదాములో అలాంటివే మరికొన్ని నిచ్చెనలు బయటపడ్డాయట. అంతే, రూలు పుట్టింది. ఇక మీదట సూది కొనాలన్నా, స్టోర్స్ ఆఫీసరు "ఈ వస్తువు మన సంస్థలో ఎక్కడా లేదు" అని రాసి సంతకం పెట్టాలి. దానికి ఇంగ్లీషులో బారెడు పేరుంది. సంస్థలో మాత్రం అందరూ 'లేదు సర్టిఫికెట్' అంటారు.

పాత స్టోర్స్ ఆఫీసరు ఉన్నన్నాళ్లూ పరిశోధన కాస్తో కూస్తో నడిచింది. ఆయన పక్కవాడితో క్రికెట్ మాట్లాడుతూ, కాగితం వంక చూడకుండా సంతకాలు పెట్టేవాడు. ఆయన రిటైరయ్యాక నర్సింగరావు వచ్చాడు. నర్సింగరావుకు ఒక దురలవాటు ఉంది: కాగితం చదువుతాడు. చదివింది నిజమైతేనే సంతకం పెడతాడు. ఇలాంటివాళ్లను దేవుడు చల్లగా చూడాలి. మన ఆఫీసులో మాత్రం వేయకూడదు.

సంస్థలో నరాల జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టర్ ఇందుమతి ఎదురుచూస్తున్న పెట్టె ఆయన వచ్చిన వారంలోనే వచ్చింది. థర్మోకోల్ పెట్టె, దాని నిండా డ్రై ఐస్, ఆ పొగల నడుమ చిటికెనవేలి గోరంత సీసా. ఆ సీసాలో ఏముందో చెప్పాలంటే కాస్త వెనక్కి, అంటే మనిషి ఇంకా మనిషి కానంత వెనక్కి వెళ్లాలి. అప్పుడెప్పుడో మన పూర్వీకులకు కొన్ని వైరస్‌లు సోకాయి. వచ్చిన చుట్టాలు పోకుండా తిష్టవేసినట్టు అవి మన జన్యువుల్లోనే కాపురం పెట్టేశాయి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకు వస్తూనే ఉన్నాయి. చాలామటుకు నోరు మూసుకుని పడుంటాయి. కొన్ని నరాల జబ్బుల్లో వాటిలో ఒకటి మళ్లీ నిద్ర లేస్తోందేమోనని ఇందుమతి అనుమానం. అది తేలాలంటే ఆ వైరస్ పైతొడుగు ప్రొటీను శుద్ధంగా కావాలి. మనిషిని పిండి తీయలేం గనక, ఆ జన్యువు ముక్కను బాక్టీరియాలో పెట్టి, వాటిచేత ప్రొటీను తయారు చేయించి, శుద్ధిచేసి, గడ్డకట్టించి పంపుతారు. దాని మీద రోగి రక్తం నుంచి తీసిన సీరం వేసి చూస్తే, అతని ఒళ్లు ఆ వైరస్‌తో పోట్లాడుతోందో లేదో తెలుస్తుంది. సీసా ఒక్కసారి కరిగి వెచ్చబడిందా, ఇక ఎందుకూ పనికిరాదు.

ఇందులో రోగి అంటే బుచ్చిలింగం. దర్జీ. సంస్థలో సైంటిస్టులు వేసుకునే తెల్లకోట్లన్నీ ఆయన కుట్టినవే. కిందటేడు కుడిచెయ్యి కత్తెర పట్టడం మానేసింది. ఇప్పుడు ఎడమచెయ్యీ అదే దారి పట్టింది.

"మందు లేదని పెద్ద డాక్టర్లే జెప్పిన్రు బిడ్డా. నేను మందు అడుగుతలేను," అన్నాడు ఇందుమతితో. "నా చెయ్యి నా మాట ఎందుకు ఇంటలేదో అది జెప్పు చాలు. ఇంట్ల నేనే కావాలని పని ఎగ్గొడుతున్న అనుకుంటున్నరు."

ఆ ఆఖరి మాట విని ఇందుమతి కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. పెట్టె రాగానే మొదటి పరీక్ష మీ రక్తానికే, అదీ మీ కళ్లముందే అని మాటిచ్చింది. పరీక్షకు ముందు అంగీకారపత్రం మీద ఆయన తన చేత్తో సంతకం పెట్టాలని కూడా చెప్పింది. ఆ రోజు నుంచి బుచ్చిలింగం రోజూ ఎడమచేత్తో పలక మీద పేరు రాసుకుంటున్నాడు. ఆ చేతిలో కూడా బలం పోయేలోగా ఆ పెట్టె రావాలని ఆయన ఆశ.

పెట్టె రానే వచ్చింది. ఇందుమతి ఒక్క ఉదుటున స్టోర్స్‌కి పరుగెత్తింది. నర్సింగరావు పెట్టెతో పాటు వచ్చిన వివరాల కాగితాన్ని కళ్లజోడు సవరించుకుని చదువుతున్నాడు.

"మేడం, ఒక డౌటు," అన్నాడు. "గీ కాగితంల ఏం రాసిన్రంటే, దీని జన్యువు ప్రతి మనిషి ఒంట్ల ఉంటదట. నిజమేనా?"

"నిజమే."

"మరి మన పాత సారు 'మన సంస్థల ఎక్కడా లేదు' అని రాసిచ్చిండు గద?"

ఇందుమతికి అప్పుడు అర్థమైంది తాను ఎంత లోతు గుంటలో కాలు పెట్టిందో. "నర్సింగరావు గారూ, ఒంట్లో ఉండేది జన్యువు. అంటే వండే పద్ధతి రాసిన కాగితం లాంటిది. సీసాలో ఉన్నది వండిన కూర. పద్ధతి తెలిసినంత మాత్రాన ఇంట్లో కూర ఉన్నట్టా?"

నర్సింగరావు నిజాయితీగా ఆలోచించాడు. "పద్ధతి ఉంటే వండుకోవచ్చు గద మేడం. ఇంట్ల వండుకునేదాన్ని హోటల్ల కొంటే మా ఇంటామె ఊకుంటదా? ఆడిట్ వాళ్లు ఊకుంటరా?"

"ఒంట్లో అది వండటం లేదండీ, నిద్రపోతోంది!"

"నిద్రపోయినా స్టాకు స్టాకే మేడం. మన గోదాముల సగం సామాను నిద్రల్నే ఉన్నది." ఆయన గొంతులో వెటకారం లేదు, బాధ ఉంది. "జర డైరెక్టర్ సారును అడుగుత. అందాక పెట్టె ఇష్యూ చెయ్యలేను."

"కనీసం మా ల్యాబ్ ఫ్రీజరులో పెట్టనివ్వండి."

"మీ ఫ్రీజర్ల పెడితే ఇష్యూ అయినట్టే గద. మీరు రోజూ వచ్చి మంచు పోసుకోండి. సల్లదనం మీద రూలు లేదు."

అలా మొదలైంది ఇందుమతి మంచు యాత్ర. రోజూ పొద్దున్నే స్కూటరు మీద ఐస్‌క్రీమ్ గోదాముకు వెళ్లి డ్రై ఐస్ బతిమాలి తెచ్చి, స్టోర్స్‌లోని పెట్టెలో పోసేది. స్కూటరు వెనక పొగలు చూసి సిగ్నళ్ల దగ్గర జనం "మేడం, బండి కాలుతోంది" అని కేకలేసేవారు. కాలుతున్నది బండి కాదని వాళ్లకెలా చెబుతుంది?

డైరెక్టరు డాక్టర్ వాచస్పతి అప్పుడే దేశ రాజధానిలో ఒక సదస్సు ముగించుకుని దిగారు. ఆ యేడు సదస్సులన్నిటికీ ఒకటే నినాదం: 'ఉన్నదానితో ఉన్నతి'. బయట కొనకు, ఇంట్లో వెతుకు అని దాని సారాంశం. ప్రతి సంస్థా తన ఇంట్లో ఏం దొరికిందో నివేదిక పంపాలి. వాచస్పతిగారు ఏం దొరకలేదని దిగులుగా ఉన్న సమయంలో నర్సింగరావు ఫైలు పట్టుకొచ్చాడు. వెనకాలే ఇందుమతి పరుగెత్తింది.

ఆయన ఫైలు చదివి, లేచి నిలబడి, కిటికీ దాకా నడిచి వెనక్కి తిరిగారు. కళ్లు చెమర్చి ఉన్నాయి.

"డాక్టర్ ఇందుమతీ! మీరు దీనిని ఒక సమస్యగా పరిగణించుచున్నారు. నేను దీనిని ఒక నిధిగా దర్శించుచున్నాను. లక్షలాది సంవత్సరములుగా మన సిబ్బంది తమ దేహములయందు ఒక అమూల్య పరిశోధనా సామగ్రిని మోయుచుండగా, మనము దానిని బయటనుండి తెప్పించుకొనుట ఎంతటి ఆత్మవిస్మృతి!"

"సార్, దాన్ని ఒంట్లోంచి అలా తీయలేం. ఆ సీసా లేకపోతే..."

"తీయుట అనునది ద్వితీయ దశ. ప్రథమ దశలో లెక్కించెదము."

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. 'ఇందుమూలముగా యావన్మంది శాశ్వత సిబ్బందికి తెలియజేయడమేమనగా, తమ తమ దేహములయందు గల ప్రాచీన వైరస్ సంపద సంస్థయొక్క అంతర్గత వనరుగా గుర్తించబడినది. కావున సదరు వనరును ధరించియున్న సిబ్బంది తక్షణమే స్టాకుగా నమోదు కావలెను.' ఊడ్చేవాళ్లనూ తోటమాలినీ లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లు ఏజెన్సీ మనుషులు గనక, వాళ్ల వైరస్ కూడా ఏజెన్సీదే.

అందరినీ తూచి, బరువు రాసుకుని, స్టిక్కర్లు వేశారు. బల్లలకూ బీరువాలకూ వేసేవే, మెడ కింద వేశారు. డైరెక్టరుగారికి ఎక్కడ అంటించాలనే దాని మీద ఒక కమిటీ కూర్చుంది. మనిషి బదిలీ అవుతాడు, కుర్చీయే శాశ్వతం అని తేల్చి కుర్చీకి అంటించారు. ఇంతవరకూ నవ్వుకున్నారు జనం. మొదటి సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ పోశెట్టి చెయ్యి అడ్డం పెట్టేసరికి ఆ నవ్వు కాస్తా దిగిపోయింది.

"స్టాకు బయటికి పోవాల్నంటే గేటు పాసు ఉండాలె సార్."

"ఇంటికి పోతున్నానయ్యా!"

"యాడికన్నా పోన్రి. తిరిగొచ్చే సరుకా, తిరిగిరాని సరుకా, అది రాయిన్రి."

పెళ్లాం మీద అలిగిన ఒక సైంటిస్టు 'తిరిగిరాని సరుకు' అని రాసి ఇంటికి వెళితే, మర్నాడు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. సన్నబడదామని రోజూ పరుగెత్తే లైబ్రేరియనుకు 'స్టాకులో తరుగు' కింద మెమో వచ్చింది. అన్నిటికంటే పెద్ద గండం అకౌంట్స్ కామేశానిది. పాపం, కూతురికి కాలేజీ సీటు వచ్చిందని తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు. ప్రసాదం పంచుతుండగానే నోటీసు చేతికొచ్చింది: 'సంస్థ స్టాకులోని కొంత భాగమును, పాత సామాను తొలగించు కండెమ్నేషన్ కమిటీ అనుమతి లేకుండా అన్యులకు సమర్పించినందుకు సంజాయిషీ ఇవ్వగలరు.'

"వెంకన్నకిచ్చిన జుట్టును వెనక్కెలా తేవాలండీ?" అని కామేశం గుండు పట్టుకున్నాడు. పట్టుకోవడానికి ఇంకేమీ లేదు మరి.

ఈ గోలంతా ఇందుమతి ఒక చెవితో వింటూనే ఉంది. ఆమె మనసంతా పెట్టె మీదే. రోజూ మంచు పోస్తూ, రోజూ డైరెక్టరు గుమ్మం దగ్గర నిలబడుతూ, రోజూ బుచ్చిలింగానికి ఫోన్‌లో "సోమవారం కల్లా అయిపోతుంది, తప్పకుండా రండి" అని చెబుతూ వచ్చింది. "నా పేరుల సున్నా వంకర వోతున్నది బిడ్డా. మిగతాది ఇంకా వస్తున్నది," అని ఆయన అటునుంచి లెక్క చెప్పేవాడు.

సోమవారం ఇంకా రాకముందే స్టాకు తనిఖీ వచ్చిపడింది. స్టాకు తనిఖీ జరిగేటప్పుడు వస్తువు కదలకూడదని పాత రూలు. పూర్వం అది బల్లలకూ బీరువాలకూ వర్తించేది. ఇప్పుడు బల్లల ముందు కూర్చున్నవాళ్లకూ వర్తించింది. శుక్రవారం పొద్దున ఉద్యోగులంతా లోపలికి రాగానే గేటుకు తాళం పడింది.

ఇందుమతి అప్పటికింకా మంచు తేలేదు. తనిఖీ మధ్యాహ్నానికి అయిపోతుందన్నారని ధైర్యంగా ఉంది. మధ్యాహ్నమైంది. కామేశం బరువు పాత లెక్కకు సరిపోలేదు. జుట్టు బరువు ఎంతుంటుందో తేల్చడానికి కమిటీ కూర్చుంది. సాయంత్రమైంది. కమిటీలో ఒకాయన, జుట్టుతో పాటు మొక్కు కూడా తీరిందిగా, అది ఏ ఖాతాలో వేయాలి అని అడిగాడు. తనిఖీ శనివారానికి పొడిగించారు. ఉద్యోగులందరూ సెమినార్ హాల్లో పడుకున్నారు.

ఇందుమతి ఐస్‌క్రీమ్ గోదాముకు ఫోన్ చేసి కాళ్లావేళ్లా పడింది. వాళ్లు మంచివాళ్లు, వ్యాన్‌లో మంచు పంపారు. వ్యాన్ గేటు బయట ఆగింది. వెనక తలుపు సందుల్లోంచి తెల్లటి పొగ వస్తోంది. ఆమె ఊచల్లోంచి చేతులు చాచింది.

"పోశెట్టీ, ఆ ఒక్క సంచీ ఇవ్వనీయవయ్యా. నీకు పుణ్యం ఉంటుంది."

"మేడం, మీ కాల్మొక్త. తనిఖీ నాడు లోపలిది బయటికి పోవద్దు, బయటిది లోపలికి రావద్దు. మీ చెయ్యి గూడ జర లోపలికి తీసుకోన్రి, స్టాకు బయటికి పోయినట్టు అయితది."

ఆమె చెయ్యి లోపలికి తీసుకుంది. వ్యాన్ కాసేపు ఆగి, హారన్ కొట్టి, పొగ వదులుకుంటూ వెళ్లిపోయింది.

తనిఖీ ముగిసింది. సంస్థలో వైరస్ నిల్వలు సంతృప్తికరం అని నివేదిక రాజధానికి వెళ్లింది. ఆ ఉత్సాహంలో డైరెక్టరుగారు ఉదారంగా పెట్టెను ఇందుమతికి ఇచ్చేయమన్నారు. స్టోర్స్ తాళం తీసి నర్సింగరావే స్వయంగా పెట్టె మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే లోపల పొగ లేదు, మంచు లేదు. సీసా ఎండలో పెట్టిన మంచినీళ్లలా వెచ్చగా ఉంది.

ఇందుమతి ఏడవలేదు. ఏడుపు కంటే కోపం ముందొచ్చింది. "తీసుకోండి. మీ స్టాకు మీరే పెట్టుకోండి," అని సీసా ఆయన అరచేతిలో పెట్టింది.

నర్సింగరావు ముఖం మాడిపోయింది. "తప్పయింది మేడం. ఇంకోటి తెప్పిద్దాం."

"మంచు వ్యాన్ వెళ్లిపోయినప్పుడే సీసా పంపిన కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్లు జాలిపడి ఇంకోటి ఊరికే పంపుతామన్నారు. దానికీ లేదు సర్టిఫికెట్ కావాలిగా. రాసిస్తారా?"

ఆయన కలం తీశాడు. కాగితం చదివాడు. కలం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఎట్ల రాయాలె మేడం? సీసా పాడైంది, నిజమే. కానీ మనుషులున్నరు గద. మొన్ననే లెక్కబెట్టినం. ఇంతమంది మనుషులు ఉన్నంతవరకు 'లేదు' అని ఎట్ల రాయాలె? అబద్ధం మీద నేను సంతకం పెట్టను, అది నాకు చేతగాదు."

ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. అందుకే ఇందుమతికి ఆయన్ని తిట్టడం కూడా చేతకాలేదు.

సోమవారం వచ్చింది. బుచ్చిలింగం ఆటో దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గుండీలు ఎవరో పెట్టినట్టున్నారు. రావద్దని చెప్పడానికి ఇందుమతి పొద్దుటి నుంచి ఫోన్ చేస్తూనే ఉంది, ఆయన ఫోన్ ఎత్తలేదు. చెయ్యి సహకరించలేదేమో.

గేటు దగ్గర పోశెట్టి కొత్త రూలు చదివాడు. "పెద్దమనిషీ, లోపలికి రావద్దు. నీ ఒంట్ల ఉన్న స్టాకు మా కాడ మస్తున్నది. బయటి స్టాకు తీసుకోవద్దని ఆర్డరు."

"నేను స్టాకు కాదు నాయినా. బుచ్చిలింగాన్ని. నీ యూనిఫారం నేనే కుట్టిన."

పోశెట్టి ఒకసారి తన చొక్కా వంక చూసుకున్నాడు. "సరే, గీడ సంతకం పెట్టు, లోపలికి అడిగి చూస్త."

బుచ్చిలింగం కలం అందుకోబోయాడు. అది వేళ్ల మధ్య నుంచి జారి కింద పడింది. వంగి తీసుకోబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. ఇంకోసారి ప్రయత్నించి, ఎండలో గేటు పక్కన అరుగు మీద కూలబడ్డాడు. తొమ్మిదిన్నర దాటింది, సంస్థ బస్సులు దిగి ఉద్యోగులంతా వస్తున్నారు. ఆయన కుట్టిన తెల్లకోట్లు వేసుకుని, మెడ కింద స్టిక్కర్లు పెట్టుకుని, గేటు పాసు పోశెట్టికి ఇచ్చి లోపలికి పోతున్నారు. కొందరు ఆయన వంక చూశారు. కొందరు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు. కింద పడిన కలాన్ని ఎవరూ తీసివ్వలేదు. పాసులో లేని వస్తువు ముట్టుకుంటే ఏ మెమో వస్తుందోనని భయం.

ఇందుమతి పై అంతస్తు నుంచి చూసి మెట్లు దూకుతూ వచ్చింది. పాసు లేదు, పోశెట్టి "మేడం, మేడం" అంటున్నాడు. ఆమె వినిపించుకోకుండా గేటు దాటి, ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది.

"వచ్చేటప్పుడు కూడ వచ్చింది బిడ్డా నా పేరు. ఆటోల గాలిల రాసిన," అన్నాడు బుచ్చిలింగం. "గిప్పుడే వస్తలేదు."

"నాదే తప్పు బాబాయ్. మీకు మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయాను," అంది ఇందుమతి. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆయన వేళ్లు కదలని చేతినే ఆమె భుజం మీద అలా వాల్చాడు.

నర్సింగరావు గేటు లోపలి పక్క నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. లోపలికి పోతున్న ఒక్కొక్కరినీ చూస్తున్నాడు, అరుగు వంక చూస్తున్నాడు. ఆఖరి తెల్లకోటు కూడా లోపలికి పోయేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత స్టోర్స్‌కి వెళ్లాడు.

కాసేపటికి కాగితంతో తిరిగొచ్చి, ఊచల్లోంచి ఇందుమతికి అందించాడు. పోశెట్టి నోరు తెరవబోతే ఆయన ఒక్క చూపు చూశాడు. పోశెట్టి పక్కకు జరిగాడు.

ఆ కాగితంలో ఇలా ఉంది: 'సదరు ప్రొటీను జన్యువు మనిషిలో మాత్రమే ఉండును. ఈ సంస్థ ప్రాంగణంలో మనిషి అను వస్తువు ఎక్కడా లేదు. కావున సదరు ప్రొటీను బయటి నుండి తెప్పించుకొనవచ్చును.' కింద నర్సింగరావు సంతకం ఉంది. పక్కన డైరెక్టరుగారిది కూడా ఉంది. నివేదికకు రాజధాని నుంచి అభినందనలు వచ్చిన ఆనందంలో ఆయన ఈసారి చదవకుండానే పెట్టారు.

ఇందుమతి కాగితం చూసి తలెత్తింది. "అబద్ధం మీద సంతకం పెట్టనన్నారు కదండీ."

"అబద్ధం కాదు మేడం. మంచిగ ఆలోచన చేసే రాసిన."

"మరి మీరున్నారు కదా లోపల?"

"పెట్టె ఆపింది నేనే గద," అన్నాడు నర్సింగరావు నెమ్మదిగా. "నన్ను నేను లెక్కల పట్టలేదు."

"నేను?"

"మీరు గేటు బయట ఉన్నరు."

ఆయన వంగి, కింద పడి ఉన్న కలం తీసి, తన చొక్కాకు తుడిచి బుచ్చిలింగం జేబులో పెట్టాడు. కాగితంలో ఇంకో గడి ఖాళీగా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. 'వస్తువు లేదని ఎట్లు నిర్ధారించితిరి?' అని అడిగే గడి. ఇందుమతి దగ్గర కాగితం తీసుకుని, ఊచకు ఆనించి, నిదానంగా నింపాడు:

'ఈ రోజు ఉదయం, గేటు దగ్గర నిలబడి స్వయముగా చూచితిని.'